ఫ్రీ కచేరీకి బిల్లు ఎవరు కడతారు?

థీమ్ పార్కుల సీజనల్ ఫెస్టివల్స్‌లో పాట వెనక పెద్ద లెక్కే ఉంటుంది. ఆ లెక్క అర్థమైతే ఎంటర్‌టైన్‌మెంట్ రంగంలో ఉద్యోగాలు ఎక్కడున్నాయో, వాటిలో నిలిచేవి ఏవో కూడా అర్థమవుతుంది.

'పార్కు టికెట్ ఉంటే చాలు, లైవ్ కచేరీ ఫ్రీ!' పోస్టర్ మీద ఈ మాట చూస్తే మనం సంతోషపడి ఊరుకుంటాం. ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. స్టేజీ మీద ఆరేడుగురు వాయిస్తుంటారు. వెనక సౌండ్, లైట్లు, కేబుళ్లు, జనరేటర్, సెక్యూరిటీ చూసుకునేవాళ్లు ఇంకో పాతిక మంది ఉంటారు. ఇంతమందికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది? కచేరీకి విడిగా టికెట్ లేదు కదా!

ఇందులో మీకు పనికొచ్చే పెద్ద విషయం ఒకటుంది. ఏ కంపెనీలోనైనా కొన్ని పనులు డబ్బు తెస్తున్నట్టు పద్దులో నేరుగా కనిపిస్తాయి. కొన్ని ఖర్చుగానే కనిపిస్తాయి, వాటి వల్ల వచ్చే లాభం వేరే డిపార్ట్‌మెంట్ ఖాతాలో పడుతుంది. ఫెస్టివల్‌లో సంగీతం అచ్చంగా ఈ రెండో రకం. జనాన్ని రప్పించేది పాట, బిల్లు కొట్టేది ఫుడ్ స్టాల్. అందుకే డబ్బు బిగిసినప్పుడు కత్తెర ముందుగా పాట మీద పడుతుంది. మనం చేరబోయే ఉద్యోగం ఈ రెంటిలో ఏ రకమో చేరకముందే తెలుసుకోవడం మంచిది. దీన్ని అర్థం చేసుకోవడానికి థీమ్ పార్కు కచేరీ చక్కని ఉదాహరణ.

ఏడాదంతా పండగే!

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఒర్లాండో ప్రాంతం థీమ్ పార్కులకు పుట్టిల్లు లాంటిది. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఎప్‌కాట్ అనే పార్కు ఉంది. 1982 అక్టోబరు 1న తెరిచారు. ఒక సరస్సు చుట్టూ 11 దేశాల పేరిట పెవిలియన్లు ఉంటాయి. ఈ పార్కులో సీజన్‌కో ఫెస్టివల్ నడుస్తుంది. ఏడాది మొదట్లో ఆర్ట్స్ ఫెస్టివల్ (2017లో మొదలైంది), వసంతంలో పూలతోటల ఫెస్టివల్ (1994 నుంచి ఉంది), తర్వాత ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్, ఏడాది చివర్లో హాలిడేస్ ఫెస్టివల్. అన్నీ కలిపితే ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఏదో ఒక పండగ ఉన్నట్టే.

ప్రతి ఫెస్టివల్‌కీ ఒక సంగీత కార్యక్రమం జత. ఫుడ్ ఫెస్టివల్‌లో 'ఈట్ టు ద బీట్', పూల ఫెస్టివల్‌లో 'గార్డెన్ రాక్స్', ఆర్ట్స్ ఫెస్టివల్‌లో బ్రాడ్‌వే గాయకుల పాటలు. డిసెంబరులో 'క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్' అని పెద్ద ఆర్కెస్ట్రా, భారీ బృందగానం మధ్య ఒక సెలబ్రిటీ క్రిస్మస్ కథ చెప్పే కార్యక్రమం ఉంటుంది. ఇవన్నీ పార్కు టికెట్‌లో భాగమే.

పక్కనే ఉన్న యూనివర్సల్ స్టూడియోస్‌లో 1995 నుంచి మార్డీ గ్రా వేడుక జరుగుతోంది. ఎంపిక చేసిన రాత్రుల్లో పేరున్న గాయకుల కచేరీలు పార్కు టికెట్ మీదే చూడొచ్చు. సీవరల్డ్, బుష్ గార్డెన్స్ పార్కులవీ ఫుడ్ ఫెస్టివల్స్ ఉన్నాయి. అక్కడా కచేరీ టికెట్‌లోనే వస్తుంది, ముందు వరస సీటు కావాలంటే అదనంగా కట్టాలి.

అదే పార్కులు ఇంకో పద్ధతి కూడా వాడతాయి. యూనివర్సల్ 1991లో మొదలుపెట్టిన హాలోవీన్ హారర్ నైట్స్‌కీ, డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జరిగే హాలోవీన్, క్రిస్మస్ పార్టీలకీ విడిగా టికెట్ కొనాలి. పగటి టికెట్ చెల్లదు. అంటే 'టికెట్‌లోనే కలిపి ఇచ్చేది', 'విడిగా అమ్మేది' అని రెండు మోడల్స్ పక్కపక్కనే ఉన్నాయి. రెండో దాంట్లో షో తన ఖర్చు తనే సంపాదించుకుంటుంది. మొదటి దాంట్లో ఆ ఖర్చును ఇంకెవరో మోయాలి.

ఒక్క సాయంత్రానికి ఖర్చేంటి?

కచేరీ ఖర్చు అనగానే గాయకుడి పారితోషికం ఒక్కటే గుర్తొస్తుంది. అది పెద్దదే కానీ, జాబితా అక్కడితో ఆగదు.

పారితోషికం: పది మంది వచ్చినా పదివేల మంది వచ్చినా ముందు ఒప్పుకున్న మొత్తం ఇవ్వాల్సిందే. అకౌంటింగ్ భాషలో ఇది ఫిక్స్‌డ్ కాస్ట్.

రైడర్: ఆర్టిస్టు ఒప్పందానికి జతచేసే కోరికల జాబితా. ఎన్ని మానిటర్ స్పీకర్లు, ఏ మోడల్ డ్రమ్ కిట్, ఎంతమందికి భోజనం, ఏ రకం హోటల్ గది, అన్నీ ఇందులో రాసి ఉంటాయి. డ్రమ్స్, యాంప్లిఫయర్లు, కీబోర్డుల వంటి బరువైన సామానును బ్యాక్‌లైన్ అంటారు. దూరం నుంచి విమానంలో వచ్చే బ్యాండ్ వాటిని మోసుకురాదు, పార్కే అద్దెకు తెచ్చిపెట్టాలి.

సౌండ్, లైట్లు, స్టేజీ: సామాను అద్దె ఒకటి, నడిపే మనుషుల కూలి ఇంకోటి. ప్రేక్షకులకు వినిపించే సౌండ్‌ని మిక్స్ చేసే ఇంజినీర్ వేరు, స్టేజీ మీద కళాకారులకు వినిపించేది చూసే మానిటర్ ఇంజినీర్ వేరు.

పాటల హక్కులు: ఇది చాలామంది మర్చిపోయే పద్దు. గాయకుడికి డబ్బులిచ్చినంత మాత్రాన పాట రాసినవారికి ఇచ్చినట్టు కాదు. అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ, సెసాక్ లాంటి సంస్థల నుంచి లైసెన్స్ తీసుకోవాలి. మన దగ్గర సాహిత్యం, సంగీతం హక్కుల లైసెన్సులు ఇచ్చే ప్రధాన సంస్థ 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీ. డీజే రికార్డు పాటలు వేస్తే రికార్డింగ్ హక్కులకు ఇంకో లైసెన్సు కావాలి. మన కాపీరైట్ చట్టం పెళ్లిళ్లకూ మతపరమైన వేడుకలకూ మినహాయింపు ఇచ్చింది, టికెట్ పెట్టి నడిపే పార్కుకు కాదు.

భద్రత, బీమా: 2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో మెయిన్ బ్యాండ్ ఎక్కబోయే ముందు ఈదురుగాలికి స్టేజీ పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. గాలి ఇంత వేగం దాటితే షో ఆపేయాలి, ఆ మాట చెప్పే అధికారం ఫలానా వ్యక్తిది అని ముందే కాగితం మీద ఎందుకు ఉండాలో అలాంటి ఘటనలే చెబుతాయి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు మామూలే. ఆపేసిన షోకి కూడా ఖర్చు అవుతుంది. అయినా ఆ ఖర్చే చవక.

అనుమతులు, వేళలు: మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన వేడుకలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. 'ఇంకొక్క పాట' అని జనం అరిచినా గడియారం చూసుకోవాల్సింది ఈవెంట్ మేనేజరే.

రండి, లెక్క వేద్దాం

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ డబ్బు తిరిగి ఎలా వస్తుంది? ఒక ఊహా పార్కు తీసుకుందాం. అంకెలన్నీ అర్థమవడానికి వేసుకున్నవే, ఏ కంపెనీవీ కావు. తేలిగ్గా ఉండటానికి పన్నులు పక్కన పెడదాం.

ఒక శనివారం సాయంత్రం ఖర్చు ఇలా అనుకోండి:

• పారితోషికం రూ.6,00,000
• ప్రయాణం, బస, భోజనం రూ.1,00,000
• సౌండ్, లైట్లు, ఎల్‌ఈడీ తెర అద్దె రూ.2,50,000
• టెక్నీషియన్ల కూలి రూ.75,000
• లైసెన్సులు, అనుమతులు, బీమా రూ.50,000
• అదనపు సెక్యూరిటీ, అంబులెన్స్, పారిశుద్ధ్యం రూ.75,000
• ఊహించని ఖర్చులకు రూ.50,000

మొత్తం రూ.12 లక్షలు. ఆ రోజు 6,000 మంది వచ్చారనుకుంటే తలకు రూ.200. 'ఫ్రీ' అంటున్న కచేరీ అసలు ధర ఇదీ.

ఇక రాబడి. కచేరీ లేని శనివారం ఈ పార్కుకు 4,500 మంది వస్తారు. కచేరీ వల్ల 1,500 మంది పెరిగారు. టికెట్ రూ.1,000. అంటే రూ.15 లక్షలు వచ్చేసినట్టేగా అనిపిస్తుంది. ఆగండి! ఆ 1,500 మందిలో కొందరు ఎలాగూ ఇంకో రోజు వచ్చేవాళ్లే. కచేరీ ఉందని ఈ రోజుకు మార్చుకున్నారు. వాళ్లు సగం మంది అనుకుంటే నిజంగా కొత్తగా వచ్చిన టికెట్ డబ్బు రూ.7.5 లక్షలే.

రెండోది తిండి. మామూలుగా ఆరింటికే వెళ్లిపోయే కుటుంబం పాట కోసం ఎనిమిది దాకా ఉంటుంది. పిల్లలకు ఆకలేస్తుంది. ఒక్కొక్కరు సగటున రూ.120 ఎక్కువ ఖర్చు పెట్టారనుకుందాం. సరుకులు, మనుషుల ఖర్చు పోను అందులో 60 శాతం, అంటే రూ.72 మిగిలితే 6,000 మందికి రూ.4,32,000.

మూడోది ముందు వరస సీట్లు. 300 సీట్లు, రూ.500 చొప్పున రూ.1,50,000.

కలిపితే రూ.13,32,000. ఖర్చు పోను లాభం రూ.1,32,000. ఫర్వాలేదు కదా?

ఇప్పుడు ఒకే ఒక్క అంకె మార్చండి. 'ఎలాగూ వచ్చేవాళ్లు' సగం కాదు, మూడింట రెండొంతులు అనుకోండి. కొత్త టికెట్ల డబ్బు రూ.5 లక్షలకు తగ్గుతుంది. మొత్తం రాబడి రూ.10,82,000. అదే కచేరీ, అదే జనం, అవే చప్పట్లు. పద్దులో మాత్రం రూ.1,18,000 నష్టం!

ఆ ఒక్క అంకెను ఎంత నమ్మకంగా చెప్పగలం అన్నదే ఇక్కడ అసలు ఉద్యోగం. టికెట్ స్కానింగ్ డేటా, యాప్ డేటా, ఫుడ్ స్టాల్ బిల్లుల టైమ్ స్టాంపులు, పాత సంవత్సరాల వర్షం రికార్డు, అన్నీ కలిపి 'కచేరీ లేకపోతే ఎంతమంది వచ్చేవారు' అని అంచనా కట్టాలి. డేటా సైన్స్ కోర్సులో నేర్చుకున్న రిగ్రెషన్ ఇక్కడ పనికొస్తుంది. మోడల్ కన్నా ముందు ప్రశ్న సరిగ్గా వేయడం ముఖ్యం.

సీజన్ పాస్ ఉన్నవాళ్లు ఈ లెక్కలో మరో మెలిక. పాస్ ఉన్నవారు ఎన్నిసార్లు వచ్చినా గేటు దగ్గర కొత్త డబ్బు రాదు. కానీ ప్రతి వారం కొత్త బ్యాండ్ ఉంటే మళ్లీ మళ్లీ వస్తారు, తింటారు, వచ్చే ఏడాది పాస్ రెన్యూ చేస్తారు. ఆ రెన్యువల్‌లో కచేరీ వాటా ఎంతో ఏ బిల్లు మీదా ఉండదు.

ఖర్చు తగ్గించే తెలివి

పెద్ద పార్కుల షెడ్యూళ్లను జాగ్రత్తగా చూస్తే ఖర్చు తగ్గించే ఎత్తులు చాలా కనిపిస్తాయి.

ఒక రోజు, మూడు షోలు: ఎప్‌కాట్‌లో ఒకే బ్యాండ్ ఒకే సాయంత్రం సాధారణంగా మూడుసార్లు, దాదాపు అరగంట చొప్పున వాయిస్తుంది. ప్రయాణం, హోటల్, సౌండ్ సెటప్ ఖర్చు ఒకసారే. సీట్లు మాత్రం మూడు రెట్లు అయినట్టు. పైగా షోకీ షోకీ మధ్య జనం లేచి ఎక్కడికి వెళ్తారు? ఫుడ్ స్టాల్స్‌కే!

శాశ్వత వేదిక: అక్కడి కచేరీలు జరిగేది అమెరికా గార్డెన్స్ థియేటర్ అనే స్థిరమైన ఆరుబయటి వేదికలో. ప్రతి షోకీ స్టేజీ కట్టి విప్పే పని లేదు. ఊహా లెక్కలో మనం వేసిన రూ.2.5 లక్షల అద్దెలో చాలా భాగం ఇలా ఆదా అవుతుంది.

వారాంతం పెద్ద పేర్లు, మిగతా రోజులు లోకల్ బ్యాండ్లు: ఇటీవలి ఏళ్లలో ఎప్‌కాట్ ఈ పద్ధతి బాగా వాడుతోంది. జనం ఎలాగూ తక్కువుండే మంగళ, బుధవారాల్లో ఖరీదైన పేరు అక్కర్లేదు. స్థానిక బ్యాండ్‌కి విమానం టికెట్, హోటల్ ఖర్చు లేదు. ఆ బ్యాండ్‌కీ ఒక మంచి వేదిక దొరుకుతుంది.

జ్ఞాపకాల మార్కెట్: 'ఈట్ టు ద బీట్'లో బాయ్జ్ టు మెన్, హాన్సన్ లాంటి 1990ల నాటి బ్యాండ్లు తరచూ కనిపిస్తాయి. ఆ పాటలు విని పెరిగినవాళ్లు ఇప్పుడు పిల్లల్ని తీసుకుని పార్కుకు వచ్చే వయసులో ఉన్నారు. టికెట్ కొనేదీ, తిండికి డబ్బు తీసేదీ వాళ్లే. గాయకుడి ఎంపిక కూడా ఒక మార్కెట్ స్టడీయే అన్నమాట.

భోజనంతో సీటు: షో ఫ్రీ, కానీ సీటు గ్యారంటీ కావాలంటే పార్కులోని రెస్టారెంట్‌లో డైనింగ్ ప్యాకేజీ కొనండి అంటారు. క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్‌కి ఈ ప్యాకేజీలకు మంచి గిరాకీ. పాట విలువను భోజనం బిల్లులోకి మార్చే పద్ధతి ఇది. ఈ ఒక్కచోట మాత్రం సంగీతం తెచ్చిన డబ్బు కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

కత్తెర పడేది ఎక్కడ?

కళాకారుల వైపు నుంచి చూస్తే ఇదే కథ వేరేగా ఉంటుంది.

ఎప్‌కాట్ కెనడా పెవిలియన్‌లో 'ఆఫ్ కిల్టర్' అనే బ్యాండ్ ఏళ్ల తరబడి వాయించింది. కిల్టులు వేసుకుని, బ్యాగ్‌పైప్‌కి రాక్ సంగీతం జోడించే ఆ బ్యాండ్ కోసమే పార్కుకు వచ్చే అభిమానులు ఉండేవారు. 2014 సెప్టెంబరులో ఆ షో ఆగిపోయింది. మొరాకో పెవిలియన్ బ్యాండ్ 'మో రాకిన్' కూడా దాదాపు అప్పుడే వెళ్లిపోయింది. అభిమానులు బాధపడ్డారు, ఫుడ్ ఫెస్టివల్ మాత్రం ఆగలేదు.

2020లో కరోనా వల్ల మూతపడ్డ ఎప్‌కాట్ జులై 15న మళ్లీ తెరిచింది. ఫుడ్ ఫెస్టివల్ కొనసాగింది, స్టాల్స్ నడిచాయి. పేరున్న బ్యాండ్లతో జరిగే 'ఈట్ టు ద బీట్' మాత్రం ఆ ఏడాది లేదు. గుంపులు చేరకూడదన్నది కారణమే. అయినా ఒక విషయం చూడండి. ఫెస్టివల్ నుంచి కచేరీని తీసేసినా ఫెస్టివల్ నిలబడింది. తిండిని తీసేస్తే నిలబడేదా? అదే ఏడాది సెప్టెంబరు చివర్లో డిస్నీ తన పార్కుల విభాగంలో సుమారు 28,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అందులో దాదాపు మూడింట రెండొంతులు పార్ట్‌టైమ్ ఉద్యోగులే.

అమెరికాలో కళాకారులకు కొంత రక్షణ ఉంది. డిస్నీ వరల్డ్‌లో నటులు, గాయకుల్లో చాలామందికి యాక్టర్స్ ఈక్విటీ సంఘం, సంగీతకారులకు అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్ తరఫున ఒప్పందాలు ఉంటాయి. మన దగ్గర ఈవెంట్ల మీద బతికే సౌండ్ ఆపరేటర్, లైట్‌మ్యాన్, కీబోర్డ్ ప్లేయర్‌లో చాలామందికి నోటిమాటే ఒప్పందం. షో రద్దయితే 'వచ్చేసారి చూద్దాంలే' అన్న మాటే దక్కుతుంది. ఈ రంగంలోకి వచ్చేముందు ఈ నిజం తెలిసి ఉండాలి.

అలాగని భయపడి వెనక్కి పోవాలని కాదు. కోత పడేది ముందుగా 'ఒక షోకి మాత్రమే పనికొచ్చే' పాత్రల మీద. షో మారినా, ఆర్టిస్టు మారినా అవసరం పోని పాత్రలు కొన్నున్నాయి. వాటి మీద దృష్టి పెట్టండి.

మీ బ్రాంచికి ఇక్కడ పనేంటి?

సీఎస్‌ఈ, డేటా సైన్స్: సందర్శకుల అంచనా, టికెట్ ధరల నిర్ణయం, రిజర్వ్‌డ్ సీట్ల అమ్మకం, యాప్‌లు, క్యూ నిర్వహణ. పైన మనం వేసిన లెక్కను రోజూ వేసేది వీళ్లే.

ఈసీఈ: ఇప్పుడు కచేరీ సౌండ్ చాలాచోట్ల లావుపాటి కేబుళ్లలో కాకుండా డాంటే లాంటి టెక్నాలజీతో మామూలు ఈథర్‌నెట్ నెట్‌వర్క్ మీద వెళ్తోంది. క్లాక్ సింక్, స్విచ్ సెట్టింగ్స్, ఆలస్యం తగ్గించడం, ఇవన్నీ మీరు చదువుకున్నవే. డాంటే సర్టిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా మొదలుపెట్టొచ్చు. వైర్‌లెస్ మైకుల ఫ్రీక్వెన్సీలు ఒకదానికొకటి అడ్డురాకుండా పంచడం మరో ప్రత్యేక నైపుణ్యం.

ఈఈఈ: జనరేటర్ సామర్థ్యం, ఫేజుల మధ్య లోడ్ సమానంగా పంచడం, ఎర్తింగ్. తడి నేల, వేలమంది జనం, ఇనుప స్టేజీ ఉన్నచోట ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ప్రాణాలే పోతాయి. లైట్లను నడిపే డీఎంఎక్స్ 512 ప్రమాణం నేర్చుకుంటే రెండు పనులకూ పనికొస్తారు. ఒక లైన్‌లో 512 ఛానళ్లు అనే ప్రాథమిక సూత్రం నుంచి మొదలుపెట్టండి.

సివిల్, మెకానికల్: స్టేజీ నిర్మాణం, స్పీకర్లూ లైట్లూ వేలాడదీసే రిగ్గింగ్, గాలి భారం లెక్కలు. ఇండియానాలో జరిగినట్టు జరగకుండా చూసే బాధ్యత ఈ డిపార్ట్‌మెంట్‌దే. సంతకం పెట్టే ధైర్యం, 'ఇది ఎక్కించను' అని చెప్పే ధైర్యం రెండూ ఉండాలి.

బీకాం, ఎంబీఏ, లా: బడ్జెట్ కంట్రోల్, ఆర్టిస్టు ఒప్పందాలు, స్పాన్సర్‌షిప్, సంగీత హక్కుల లైసెన్సింగ్. హక్కుల పని తెలిసినవారికి పార్కులతో పాటు ఓటీటీలు, మ్యూజిక్ లేబుళ్లు, యాడ్ ఏజెన్సీల్లోనూ అవసరం ఉంటుంది.

మన ప్రాంతంలో అవకాశాల కోసం మొదట చూడాల్సినవి దగ్గర్లోనే ఉన్నాయి. రామోజీ ఫిల్మ్ సిటీలో శీతాకాలం, కొత్త సంవత్సరం సీజన్లలో కార్నివాల్ వేడుకలు జరుగుతాయి. హైదరాబాద్ వండర్‌లా 2016 నుంచి నడుస్తోంది. వీటితో పాటు రిసార్టులు, మాల్స్, ఈవెంట్ కంపెనీలు, సౌండ్-లైట్ అద్దె సంస్థలు. పార్కు ఉద్యోగం ఒక్కటే చూడకండి. పార్కుకు సామాను, మనుషుల్ని సరఫరా చేసే సంస్థల్లోనే ఫ్రెషర్లకు చేతినిండా పని దొరుకుతుంది.

విదేశాల గురించి ఒక హెచ్చరిక. ఎప్‌కాట్ పెవిలియన్లలో ఆయా దేశాల యువతను తమ సంస్కృతి పరిచయం చేసే ఉద్యోగాల్లో పెట్టుకుంటారు. దానికోసం క్యూ-1 అనే వీసా ఉంది, గరిష్ఠంగా 15 నెలలు. కానీ ఆ 11 పెవిలియన్లలో భారతదేశం లేదు. కాబట్టి 'ఎప్‌కాట్‌లో ఉద్యోగం ఖాయం, ముందు ఫీజు కట్టండి' అని ఎవరైనా అంటే జేబులో చెయ్యి పెట్టకండి. కంపెనీ అధికారిక కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో మీరే చూసుకోండి.

ఒప్పుకునేముందు అడగండి

ఫెస్టివల్ సీజన్‌లో చాలామంది విద్యార్థులకు వచ్చే మొదటి అవకాశం వాలంటీర్‌గానో, రోజు కూలికో ఉంటుంది. 'ఎక్స్‌పోజర్ వస్తుంది కదా' అంటారు. రానీయండి. ముందు ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

1. రోజుకు ఎంత? ఏ తేదీన ఇస్తారు? కనీసం వాట్సాప్‌లో అయినా రాసి ఇస్తారా?
2. పని గంటలు ఎన్ని? షో అయ్యాక సామాను విప్పే సమయం కూడా అందులో ఉందా?
3. వర్షానికో, అనుమతి రాకో షో రద్దయితే నాకు ఎంత ఇస్తారు?
4. అర్ధరాత్రి పని ముగిస్తే ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది?
5. ఎత్తు మీద, కరెంటు దగ్గర పని ఉందా? ఉంటే హెల్మెట్, బెల్టు, బీమా ఇస్తారా?
6. పని అయ్యాక నేను చేసింది ఫలానా అని సర్టిఫికెట్ లేదా లెటర్ ఇస్తారా?

ఈ ప్రశ్నలు అడిగితే అవకాశం పోతుందేమో అని అనుమానం రావచ్చు. మర్యాదగా అడిగిన వీటికి జవాబు చెప్పని చోట డబ్బులు వసూలు చేసుకోవడం ఇంకా కష్టం.

ఫుల్‌టైమ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ఇంకో ప్రశ్న జతచేయండి: 'ఈ టీమ్ పని ఫలితాన్ని మీరు దేంతో కొలుస్తారు?' జవాబు స్పష్టంగా ఉంటే మంచిది. 'అలా కొలిచేదేమీ లేదు, అందరికీ నచ్చుతుంది' అంటే జాగ్రత్త. అందరికీ నచ్చిన ఆఫ్ కిల్టర్ కూడా ఆగిపోయింది. అలాంటి టీమ్‌లో చేరితే కొలిచే పద్ధతిని మీరే తయారుచేయండి. అదే మీ మొదటి ప్రాజెక్టు అవుతుంది.

కాలేజీ ఫెస్ట్‌తో మొదలుపెట్టండి

ఇదంతా నేర్చుకోవడానికి ఒర్లాండో వెళ్లక్కర్లేదు. మీ కాలేజీలో ఏటా ఫెస్ట్ జరుగుతుంది కదా. ఈసారి స్టేజీ ముందు కాకుండా వెనక నిలబడండి. చేయాల్సింది ఇంతే.

• కల్చరల్ కమిటీని అడిగి పోయినసారి ఖర్చుల వివరాలు తీసుకోండి. ఫిక్స్‌డ్ ఏవి, జనాన్ని బట్టి మారేవి ఏవి అని రెండు వరసలుగా విడదీయండి.
• స్పాన్సర్లు, స్టాల్స్, పాసుల నుంచి వచ్చినదాన్ని పక్కన పెట్టండి. కచేరీ లేకపోతే ఇందులో ఎంత వచ్చేదో అంచనా వేయండి. మూడు రకాలుగా వేయండి: బాగా జరిగితే, మామూలుగా జరిగితే, వర్షం వస్తే.
• పాటల లైసెన్స్, పోలీసు అనుమతి, అంబులెన్స్ పద్దులు అసలు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఈసారి చేర్చమని చెప్పండి.
• సౌండ్ కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు ఒక రోజంతా వాళ్లతో ఉండండి. కేబుల్ చుట్టడం నుంచి నేర్పించమనండి. చాలామంది సంతోషంగా నేర్పిస్తారు.
• ఆఖర్న రెండు పేజీల రిపోర్టు రాయండి. ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది, ఏ అంకె మీద నమ్మకం తక్కువ, వచ్చే ఏడాది ఏం మార్చాలి.

ఆ రెండు పేజీలు మీ రెజ్యూమెలో 'ఈవెంట్ కోఆర్డినేటర్' అనే మాట కన్నా ఎక్కువ చెబుతాయి. ఇంటర్వ్యూలో ఎవరైనా 'మీరేం చేశారు?' అని అడిగితే చూపించడానికి అంకెలుంటాయి. పార్కులోనే కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో చేరినా, ఆసుపత్రిలో క్వాలిటీ విభాగంలో చేరినా ఈ అలవాటు పనికొస్తుంది. అవి కూడా ఖర్చు కనిపించి లాభం కనిపించని పనులే.

ఈసారి 'కచేరీ ఫ్రీ' అన్న పోస్టర్ కనిపిస్తే తప్పకుండా వెళ్లండి, పాట వినండి, చప్పట్లు కొట్టండి. ఇంటికొచ్చే దారిలో స్పీకర్లు ఎన్ని ఉన్నాయి, సామాను మోసేవాళ్లు ఎంతమంది, ఫుడ్ స్టాల్ దగ్గర వరస ఎంత పొడుగుంది అని ఒక్కసారి లెక్కపెట్టుకోండి.